సిబేలియస్ నాలుగో సింఫనీ: ఇందులో షడ్జం ఎక్కడుంది?

వాయులీనం

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లకు పైగా కర్ణాటక వయొలిన్ వాయిస్తున్నాను, ఇంటి దగ్గర పిల్లలకు నేర్పుతున్నాను. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో నా పరిచయం అంతంత మాత్రమే. మొన్న రాత్రి నిద్ర పట్టక రేడియో యాప్ పెట్టుకుంటే ఫిన్లాండ్ స్వరకర్త జాన్ సిబేలియస్ నాలుగో సింఫనీ వచ్చింది. ఏ మైనర్ అని చెప్పారు. ముప్పై అయిదు నిమిషాలు కదలకుండా విన్నాను. అయిపోయాక చాలాసేపు లేవలేకపోయాను.

నా ఇబ్బంది ఏమిటంటే, అది నచ్చిందో లేదో నాకే తెలియడం లేదు. మొదట్లో కింది నుంచి, నేల లోపలి నుంచి వచ్చినట్టు నాలుగు స్వరాలు వస్తాయి. నా చెవికి అవి స రి మ గ. అందులో మ ప్రతిమధ్యమం. అంటే కల్యాణి స్వరాలే! కల్యాణి అంటే మనకు నిండుదనం, వెలుగు, మంగళం. ఇక్కడ అవే స్వరాలు వింటే వెన్నులో చలి పుట్టింది. పైగా ఎంత వెతికినా ఆధార షడ్జం, అంటే మిగతా స్వరాలన్నీ ఆనుకునే 'స', దొరకలేదు. పట్టుకున్నాననుకునే లోపే జారిపోయింది. చివర ముగిసిన తీరు మరీ విచిత్రం, ముగిసిందని నాకు వెంటనే తెలియనే లేదు.

ఇది ఎలా వినాలో తెలిసినవాళ్లు చెబుతారా?

పడమటిగాలి

వాయులీనం గారూ, మీరు అడిగిన మొదటి ప్రశ్నే ఈ సింఫనీకి తాళంచెవి. మీ చెవి మోసపోలేదు. ఆ నాలుగు స్వరాలు సి, డి, ఎఫ్ షార్ప్, ఈ. సి నుంచి ఎఫ్ షార్ప్‌కి ఉన్న దూరం సరిగ్గా మూడు టోన్లు, ఆక్టేవ్‌లో సగం. పడమటి సంగీతంలో దీన్ని ట్రైటోన్ అంటారు. మనకు ప్రతిమధ్యమం ఎంతో చనువైన స్వరం కానీ, వాళ్ల పద్ధతిలో ఈ దూరం నిలకడ లేనిది, ఎటో ఒకవైపు పరిష్కారం కావాలని లాగేది. సిబేలియస్ దాన్ని పరిష్కరించకుండా మొత్తం సింఫనీకి విత్తనంగా నాటాడు. నాలుగు భాగాల్లోనూ అదే మొలకెత్తుతూ ఉంటుంది.

కొంచెం నేపథ్యం. 1910లోనూ 1911 మొదటి నెలల్లోనూ రాశాడు. 1911 ఏప్రిల్ 3న హెల్సింకీలో తానే నిర్వహించి వినిపించాడు. అప్పటికి ఆయన 'ఫిన్లాండియా' రాసిన జాతీయ వీరుడు. రష్యా చక్రవర్తి పాలన కింద నలుగుతున్న జనం ఆయన నుంచి ఇంకో విజయగీతం వస్తుందని వచ్చి కూర్చున్నారు. దొరికింది ఇది. ఆ రాత్రి జనం కళ్లు తప్పించుకున్నారని, తలలు అడ్డంగా ఊపారని ఆయన భార్య ఐనో తర్వాత గుర్తు చేసుకున్నారు.

మొదటిసారి విన్నప్పుడు నచ్చిందో లేదో తెలియకపోవడం చాలామందికి జరిగేదే. నాకు మూడేళ్లు పట్టింది.

సీలేరు

ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చిందట కదా, ఆ భయంతో రాశాడని ఎక్కడో చదివాను. అది తెలిశాక వింటే అంతా అర్థమైపోతుంది అనిపించింది నాకు.

పడమటిగాలి

సీలేరు గారూ, అది సగం నిజం. 1908లో గొంతులో గడ్డ వచ్చింది, బెర్లిన్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ వస్తుందేమోనన్న భయం ఏళ్ల తరబడి వెంటాడింది. చుట్టలు, మందు లేనిదే పొద్దు గడవని మనిషి దాదాపు ఏడేళ్లు రెండూ ముట్టలేదు. అప్పుల వాళ్ల ఒత్తిడి సరేసరి. ఇవన్నీ నిజాలే. కానీ గడ్డ తిరిగి రాలేదు, ఆయన తొంభై ఒక్క ఏళ్లు బతికి 1957లో పోయాడు.

జబ్బుతో మొత్తం సింఫనీని వివరించేస్తే ఇంకో ముఖ్యమైన సంగతి మరుగున పడుతుంది. ఆ రోజుల్లో ఆర్కెస్ట్రాలు ఎలా ఉబ్బిపోయాయో చూడండి. మాలర్ ఎనిమిదో సింఫనీని 1910లో మ్యూనిక్‌లో దాదాపు వెయ్యి మందితో వినిపించారు. రిచర్డ్ స్ట్రాస్ 'ఎలెక్ట్రా' 1909 నాటిది, దాని ఆర్కెస్ట్రా వందమందిని దాటుతుంది. అదే సమయంలో సిబేలియస్ ట్యూబా కూడా లేకుండా, టింపనీ తప్ప వేరే డప్పు లేకుండా, పాత కాలపు కొలతలో ఆర్కెస్ట్రా పెట్టుకున్నాడు. పైగా ఆ ఉన్నవాళ్లనైనా అందరినీ కలిపి వాయించనిచ్చే చోట్లు బహు కొద్ది. ఇంగ్లండ్‌లోని స్నేహితురాలు రోజా న్యూమార్చ్‌కి రాస్తూ ఇది ఈ కాలపు సంగీతానికి నిరసన అని, ఇందులో సర్కస్ అన్నది ఏ మాత్రం లేదని చెప్పుకున్నాడు. భయపడుతున్న మనిషి ఒక్కడే కాదు, గట్టిగా ఒక నిర్ణయం తీసుకున్న మనిషి కూడా ఇందులో ఉన్నాడు.

చెల్లోతీగ

నేను న్యూజెర్సీలో ఒక ఔత్సాహికుల ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తాను. రెండేళ్ల కింద ఈ సింఫనీ ఎత్తుకున్నాం. లోపల కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో చెబుతాను.

మొదటి స్వరం చెల్లోలు, డబుల్ బాస్‌లు, బసూన్లు కలిసి. చెల్లోలో సి అంటే అన్నిటికన్నా లావు తీగ, వేలు పెట్టని ఖాళీ తీగ. కమాను మొత్తం బరువు వేసి లాగాలి. ఆ కంపనం ఛాతీకి, మోకాళ్లకు ఆనిన చెక్క గుండా ఒంట్లోకి దిగుతుంది. తర్వాత ఎఫ్ షార్ప్, ఈ, ఎఫ్ షార్ప్, ఈ అని ఆ రెండు స్వరాల మధ్య ఊగుతూ ఉండిపోవాలి. ఆ ఊపు తాళం దెబ్బ మీద పడదు. గంట లోపల నాలుక మెల్లగా కొట్టుకుంటున్నట్టు. దాని మీద ఒక్క చెల్లో ఒంటరిగా పాట ఎత్తుకుంటుంది.

రిహార్సల్‌లో మా కండక్టర్ ఒక్క మాట అనేవారు: 'అందంగా వాయించకండి.' మేం అలవాటు కొద్దీ వైబ్రాటో, అంటే వేలు ఊపి స్వరాన్ని వణికించడం, వేసేవాళ్లం. తీసేయమనేవారు. తీసేశాకే అది సింఫనీ అయింది.

వాయులీనం గారూ, ఆ ఎఫ్ షార్ప్, 'ఈ' స్వరాల ఊపుని మీరు ఏ స్వరాలుగా విన్నారు?

వాయులీనం

చెల్లోతీగ గారూ, మొదట మ గ, మ గ అనుకున్నాను. ఒంటరి చెల్లో వచ్చాక ఆ లెక్క కుదరలేదు.

పడమటిగాలి

అక్కడే గ్రహభేదం జరిగింది, అంటే స్వరాలు అవే ఉండి షడ్జం చోటు మారింది! ఒంటరి చెల్లో 'ఏ'ని ఇల్లు చేసుకుంటుంది. ఏ ని షడ్జం అనుకుని మళ్లీ లెక్కపెట్టండి. 'ఈ' స్వరం పంచమం అవుతుంది, ఎఫ్ షార్ప్ చతుశ్రుతి ధైవతం. మీరు మ గ అనుకున్నది ద ప అయిపోయింది. మొదట మీరు షడ్జం అనుకున్న సి నిజానికి సాధారణ గాంధారం. కల్యాణి ధైవతాన్ని షడ్జం చేస్తే ఏ రాగం వస్తుందో మీకు నేను చెప్పాలా.

వాయులీనం

ఖరహరప్రియ!

పడమటిగాలి గారూ, ఇది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మనం గ్రహభేదం చేసేటప్పుడు వినేవాళ్లకు ముందు పాత షడ్జం గట్టిగా తెలిసి ఉంటుంది, అందుకే మార్పు ముచ్చటగా ఉంటుంది. తంబుర వెనక మోగుతూనే ఉంటుంది కాబట్టి తిరిగి ఇంటికి వస్తామని అందరికీ తెలుసు. ఈయన మొదటి స్వరానికే మనల్ని తప్పు గడప మీద నిలబెట్టాడు. ఇదే ఇల్లు అనుకుని అడుగు లోపల పెడితే ఇల్లు వేరే వీధిలో ఉంది.

నిశిరాత్రి

పెద్దలు కోప్పడకండి, నేను మనసులో ఉన్నది చెబుతున్నాను. ఈ దారం చదివి నిన్న మొత్తం విన్నాను. నాకు పట్టలేదు. కరుణ రసం అంటే మనసు కరగాలి, కళ్లలో నీళ్లు తిరగాలి. ముఖారి రాగం వింటే అలా అవుతుంది. ఇది మంచు ముద్దలా ఉంది. ఒక రాగభావం మొదలవుతుంది, పెరగదు. ఇంకోటి వస్తుంది, అదీ పెరగదు. రెండో భాగం ఆడుతూ పాడుతూ మొదలై మధ్యలో ఎవరో దీపం ఆర్పేసినట్టు చీకటి పడి, టింపనీ మెల్లగా తట్టి ఆగిపోయింది. ఇంత గొప్ప స్వరకర్త మనసు విప్పి ఏడవడానికి ఎందుకు వెనకాడాలి?

సీలేరు

నిశిరాత్రి గారూ, నేను సంగీతం తెలిసినదాన్ని కాదు. మీ ప్రశ్నకు నా అనుభవం మాత్రం చెప్పగలను.

నాలుగేళ్ల కింద మా అమ్మ నలభై రోజులు ఆస్పత్రిలో ఉండి పోయింది. ఆ నలభై రోజులూ నేను ఏడవలేదు. మందుల చీటీలు, క్యాంటీన్ నుంచి ఇడ్లీ పొట్లం, లిఫ్ట్ దగ్గర నిలబడటం, డాక్టరు గారు ఎప్పుడొస్తారోనని వరండా చివర తలుపు వైపు చూడటం. అమ్మ ఓ మాట మొదలుపెట్టి సగంలో ఆపేసేది. ఇంకో మాట మొదలుపెట్టేది. నేను ఆ ముక్కలు కలిపి ఏమంటోందో ఊహించుకునేదాన్ని. వచ్చిన వాళ్లందరూ ధైర్యం చెప్పారు. వాళ్ల మంచి మనసు కాదనను గానీ ఆ మాటలు నాకు చెవిన పడేవి కావు.

ఈ సింఫనీ మూడో భాగం మొదట్లో ఫ్లూట్ ఒక ముక్క పలికి ఆగుతుంది, ఇంకో వాద్యం ఇంకో ముక్క. పాట ఎక్కడో ఉంది, ఎవరికీ పూర్తిగా గుర్తు రావడం లేదు. నేను ఆ వరండాలోకి తిరిగి వెళ్లిపోయాను. ఏడుపు రాలేదు. ఆ నలభై రోజులూ నా పక్కన ఎవరో మాట్లాడకుండా కూర్చున్నట్టు అనిపించింది, అంతే. ఏడిపించే పాటలు నాకు చాలా ఉన్నాయండీ. ఈ పని చేసింది ఇదొక్కటే.

నిశిరాత్రి

సీలేరు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడో భాగం ఒక్కటే మళ్లీ వింటాను.

చెల్లోతీగ

మూడో భాగం వినేవాళ్లకి ఒక సూచన. సీలేరు గారు చెప్పిన ముక్కలు ఊరికే చెదిరిపోయి ఉండవు. ఒక్కోసారి వచ్చినప్పుడు పాట కొంచెం కొంచెం పొడుగవుతుంది. హార్న్‌లు కాసేపు దాన్ని మోస్తాయి, చెల్లోలు అందుకుంటాయి, మళ్లీ జారవిడుస్తాయి. భాగం చివరికి వస్తుండగా తీగ వాద్యాలన్నీ కలిసి ఆ పాటని మొదటిసారి పూర్తిగా ఎత్తుకుంటాయి. సింఫనీ మొత్తంలో గుండె నిండా ఊపిరి పీల్చుకునే చోటు అదొక్కటే. కొద్ది క్షణాలే ఉంటుంది. మామూలుగా పల్లవి ముందు పాడి తర్వాత సంగతులు వేస్తాం. ఇక్కడ సంగతులన్నీ అయ్యాక పల్లవి పుట్టింది.

సిబేలియస్ అంత్యక్రియల్లో వాయించిన సంగీతంలో ఈ భాగం ఉంది.

ఎస్పూవాసి

ఆలస్యంగా చూశాను ఈ దారం. ఫిన్లాండ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఇక్కడివాళ్లు ఈ సింఫనీ గురించి చెప్పే ఒక మాట మీకు చెప్పాలి. దీనికి 'బెరడు రొట్టె సింఫనీ' అని ముద్దుపేరు లాంటిది ఉంది. స్వీడిష్‌లో బార్క్‌బ్రోడ్. కరువు కాలంలో పిండి చాలక పైన్ చెట్టు లోపలి బెరడుని ఎండబెట్టి, దంచి, పిండిలో కలిపి రొట్టె చేసుకునేవారు. ఫిన్నిష్‌లో పెట్టులెయిపా. నేను ఒక గ్రామీణ మ్యూజియంలో రుచి చూశాను. చేదుగా, పొడిగా, నమిలినకొద్దీ నోట్లో రంపపు పొట్టులా మిగిలింది. మనవైపు కరువు రోజుల్లో అడవి గడ్డలు తవ్వుకు తిన్నామని మా తాతయ్య చెప్పేవాడు, అది గుర్తొచ్చింది.

ఇది ఊరికే పోలిక కాదు. 1866 నుంచి 1868 దాకా ఫిన్లాండ్‌లో మహా కరువు వచ్చింది. ఆకలితోనూ దాని వెంట వచ్చిన జ్వరాలతోనూ జనాభాలో దాదాపు నూటికి ఎనిమిది మంది పోయారు. సిబేలియస్ పుట్టింది 1865 డిసెంబర్‌లో, హామెన్‌లిన్నా ఊళ్లో. తండ్రి అక్కడ డాక్టరు. రోగులకు వైద్యం చేస్తూ చేస్తూ టైఫస్ తగిలి 1868లో చనిపోయాడు. కొడుక్కి మూడేళ్లు కూడా నిండలేదు. ఇదంతా సింఫనీలో ఉందని నేను అనను. కానీ ఇక్కడ ఏ ఇంటి మూడు తరాల వెనక్కి వెళ్లినా ఆ రొట్టె తగులుతుంది, అందుకే వాళ్లకు ఈ సంగీతం వింటే ఆ పేరు తట్టింది.

పడమటిగాలి

ఎస్పూవాసి గారూ, మీరు వచ్చారు, సంతోషం. కోలి కొండ గురించి కూడా చెప్పండి.

ఎస్పూవాసి

1909 శరదృతువులో సిబేలియస్ తన బావమరిది, చిత్రకారుడు ఏరో యార్నెఫెల్ట్‌తో కలిసి తూర్పున కోలి కొండకు వెళ్లాడు. సింఫనీ అంకితం ఆయనకే. దాంతో మొదటి కచేరీ అయ్యాక ఒక విమర్శకుడు ఇది కోలి ప్రయాణ వర్ణన అని భాగానికో దృశ్యం చొప్పున రాసేశాడు. సిబేలియస్ పత్రికాముఖంగా కాదన్నాడు.

నేను కోలికి అక్టోబర్‌లో వెళ్లాను. ఎత్తు పెద్దదేం కాదు, సముద్ర మట్టానికి 347 మీటర్లు. మన తూర్పు కనుమల ముందు ఆనదు. పైన తెల్లటి రాయి, కింద పియెలినెన్ సరస్సు, అందులో చీకటి ముద్దల్లాంటి దీవులు, ఆ తర్వాత అడవి, ఇంకా అడవి. మాతో వచ్చినవాళ్లు గలగలా మాట్లాడుతూ ఎక్కారు. పైకి వెళ్లాక పావుగంట ఎవ్వరూ నోరు విప్పలేదు. వర్ణన కాదని ఆయన ఎందుకన్నాడో అక్కడ కొంత అర్థమైంది. ఈ సంగీతంలో కొండ కనపడదు, ఆ పావుగంట వినపడుతుంది.

ఐనోలాకి మాత్రం ఏటా వేసవిలో వెళ్తుంటాను. హెల్సింకీకి ఉత్తరాన యార్వెన్‌పా దగ్గర 1904 నుంచి వాళ్లు కాపురమున్న కర్ర ఇల్లు. భార్య పేరే ఇంటికి. భోజనాల గదిలో నిలువెత్తు ఆకుపచ్చ పొయ్యి ఉంటుంది. సిబేలియస్‌కి స్వరాలు రంగులుగా కనిపించేవి, ఆ పచ్చదనాన్ని ఎఫ్ మేజర్ అనేవాడట. ఈ సింఫనీ రెండో భాగం ఎఫ్ మేజరే. అది తెలిసిన దగ్గర్నుంచి ఆ ఓబో పాట మొదలవగానే నాకు ఆ పొయ్యి కళ్లముందుకు వస్తుంది. తోటలో ఇద్దరి సమాధీ ఒకటే, నేల మీద పరిచిన కంచు పలక.

వాయులీనం

ఆ ఓబో పాటలో కూడా ప్రతిమధ్యమం మోగుతుంది, ఎఫ్‌ని షడ్జం అనుకుంటే. సరిగానే విన్నానా?

పడమటిగాలి

సరిగానే విన్నారు. బి నేచురల్. విత్తనం అదే అన్నాను కదా.

నిశిరాత్రి

మూడో భాగం ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను. చెల్లోతీగ గారు చెప్పిన చోటు పట్టుకున్నాను. ముఖారిలా లేదు, ఉండాల్సిన పని లేదని ఒప్పుకుంటున్నాను. ఏ రికార్డింగ్ మంచిదో చెప్పండి. నేను విన్నదాంట్లో నాలుగో భాగంలో గంటలు గుడి గంటల్లా ఢంగుమంటున్నాయి, యూట్యూబ్‌లో ఇంకోదాంట్లో చిన్న మువ్వల్లా ఉన్నాయి.

చెల్లోతీగ

పాత వివాదం అది! స్వరపత్రంలో సిబేలియస్ 'గ్లాకెన్' అని మాత్రమే రాశాడు. ఆ జర్మన్ మాటకు గంటలు అనే అర్థం. కొందరు కండక్టర్లు పొడుగాటి గొట్టాల గంటలు వాడతారు, కొందరు ఉక్కు పలకల గ్లాకెన్‌స్పీల్. సిబేలియస్ మొగ్గు గ్లాకెన్‌స్పీల్ వైపే. నాకూ అదే నచ్చుతుంది. ఆ చిన్న చప్పుడు మంచు మీద ఎండ పడ్డట్టు మెరిసి పోవాలి, ఎవరినీ ప్రార్థనకు పిలవకూడదు.

రికార్డింగులంటే: కండక్టర్ కరాయన్ 1965లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసింది తీగల నిండుదనానికి. పావో బెర్గ్‌లుండ్ ఐరోపా ఛాంబర్ ఆర్కెస్ట్రాతో చేసింది తక్కువ మందితో, ఎముకలు కనిపించేట్టు ఉంటుంది. రెండూ వినండి, బెర్గ్‌లుండ్ ముందు. పాతవి ఇష్టమైతే బీచమ్ 1937లో లండన్ ఫిల్హార్మోనిక్‌తో చేసింది దొరుకుతుంది, గరగర శబ్దం ఓర్చుకోవాలి.

వాయులీనం గారికి ఒక చిన్న సంగతి. సిబేలియస్ చిన్నప్పుడు వయొలిన్ విద్వాంసుడు కావాలని కలలు కన్నాడు. 1891లో వియన్నా ఫిల్హార్మోనిక్‌లో వయొలినిస్టుగా చేరడానికి పరీక్షకు వెళ్తే తీసుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే నాలుగో సింఫనీని వాయించడానికి ఆ ఆర్కెస్ట్రాయే ఒప్పుకోలేదు.

వాయులీనం

వారం రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ పెట్టుకుని ఒక ప్రయత్నం చేశాను.

శ్రుతిపెట్టెను ఒకటో శ్రుతిలో, అంటే సిలో పెట్టి, ఆ మొదటి నాలుగు స్వరాలు వయొలిన్ మీద వాయించాను. కల్యాణే. మా ఇంటి దేవుడి గది గుర్తొచ్చింది. అదే పదాన్ని, వేళ్లు ఎక్కడా మార్చకుండా, శ్రుతిపెట్టెను ఆరుకి, అంటే 'ఏ'కి, మార్చి వాయించాను. స రి మ గ పోయి గ మ ద ప వచ్చింది. అదే వేలు, అదే తీగ. గది మారిపోయింది. తర్వాత శ్రుతిపెట్టె మొత్తం ఆపేసి వాయించాను. అప్పుడు ఆ రాత్రి రేడియోలో విన్నది వినబడింది. నా షడ్జం పోయిందని వెతుక్కున్నాను కానీ, అసలు ఆయన ఆధార శ్రుతి లేకుండా నడవమన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక తంబుర లేకుండా ఒక్కరోజు సాధన చేయలేదు, అందుకే అంత చలి వేసింది.

ఇక ముగింపు. బెర్గ్‌లుండ్ రికార్డింగ్‌లో చాలాసార్లు విన్నాను. నాలుగో భాగం ఏ మేజర్‌లో హుషారుగా బయల్దేరుతుంది, గంటలు మెరుస్తాయి, ఇక బయటపడ్డాం అనుకుంటాం. తర్వాత ఒక్కొక్కరే తప్పుకుంటారు. ఓబో ఒక పిలుపు పిలుస్తుంది, అదే పిలుపు మళ్లీ మళ్లీ, ఎవరూ పలకరు. చివరికి తీగ వాద్యాలు ఏ మైనర్‌లో కొన్ని కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, వాయించి ఆగిపోతాయి. గట్టిగా కాదు, మెల్లగానూ కాదు. ముక్తాయింపు లేదు, నడక తగ్గదు. షడ్జం దొరికింది, కానీ మంగళం పాడే షడ్జం కాదు.

నిన్న సాయంత్రం క్లాసుకు వచ్చిన పిల్లలు తొందరగా వచ్చేశారు, ఆ చివరి నిమిషం స్పీకర్లో మోగుతోంది. తొమ్మిదేళ్ల పాప చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే నిలబడి వింది. ఆగిపోయాక 'అయిపోయిందా టీచర్?' అంది. అయిపోయిందన్నాను. ఇంకా ఉందేమోనని కాసేపు స్పీకర్ వైపే చూసి, 'మళ్లీ మొదటి నుంచి పెడతారా?' అని అడిగింది.

ఆ రోజు వర్ణం అరగంట ఆలస్యంగా మొదలైంది.